అప్రెంటిస్‌గా చేర్చుకుంటారు సరే, ఏడాది నిండాక?

పుత్తూరు: ఈ ప్రాంత యువకులకు 'అప్రెంటిస్' అనే మాట ఇప్పుడు కొత్త కాదు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియన్ కోర్సులు పూర్తిచేసినవారే కాక, డిప్లొమా చదివినవారు, నారాయణవనం రోడ్డులోని కాలేజీల నుంచి ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని బయటికి వచ్చినవారు సైతం మొదటి మెట్టుగా అప్రెంటిస్‌గానో, ట్రైనీగానో చేరుతున్నారు. కొందరు నాగలాపురం, సత్యవేడు మీదుగా శ్రీసిటీకి పోతున్నారు. కొందరు కరకంబాడికి, మరికొందరు శ్రీకాళహస్తి దగ్గరి రాచగున్నేరికి వెళుతున్నారు. రైలెక్కి అరక్కోణం, చెన్నై దారి పట్టేవారికీ కొదవలేదు (పేరు మారినా మన జనం నోట అది మద్రాసే). వర్షాన్ని నమ్ముకుని వేరుశెనగ వేసిన రైతు, మరమగ్గం మీద కూలి నేసే నేతగాడు తన కొడుకు కంపెనీ గేటు లోపలికి పోయినందుకు సంతోషించడం సహజమే. "మావాడికి కంపెనీలో ఉద్యోగమొచ్చింది" అని నలుగురికీ చెప్పుకోవడమూ సహజమే.

అయితే అది ఉద్యోగం కాదు. ఈ మాట మేము చెప్పడం లేదు, చట్టమే చెబుతున్నది.

అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. 1962 మార్చి 1 నుంచి అమలులో వున్నది. అందులోని 18వ సెక్షను ప్రకారం అప్రెంటిస్ అంటే శిక్షణ పొందేవాడే తప్ప పనివాడు కాడు. కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. శిక్షణ ముగిశాక అతనికి ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమానికి లేదు; ఇస్తే చేరాలన్న బాధ్యత అతనికీ లేదు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప మినహాయింపు లేదు. తల్లిదండ్రులలో చాలామంది ఆ ఒప్పందం కాగితాన్ని చూడకుండానే కుర్రవాడికి పెట్టె సర్దుతున్నారు.

ఇంతవరకు అందరికీ అంతో ఇంతో తెలిసిన సంగతే. తెలియనిది, తెలుసుకోవలసినది మరొకటి వుంది. పని తగ్గినప్పుడు ఏమవుతుందన్నదే ఆ సంగతి.

తీసివేత లేని తీసివేత

ఫ్యాక్టరీలో ఆర్డర్లు తగ్గాయనుకుందాం. పర్మనెంటు కార్మికుణ్ణి పంపించాలంటే యజమాని కొన్ని మెట్లు దిగాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండినవాడికి నెల రోజుల నోటీసు లేదా నెల జీతం, సర్వీసు చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. నూరుమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీ అయితే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 2025 నవంబరు 21న నాలుగు కొత్త లేబరు కోడ్‌లు అమలులోకి వచ్చాక ఈ అనుమతి మెట్టు 300 మందికి పెరిగింది. అంటే 300 లోపు మనుషులున్న ఫ్యాక్టరీ అనుమతి అడగనక్కరలేదు. పరిహారం మాత్రం అలాగే వుంది. దానికి తోడు, తొలగించిన ఒక్కొక్కరికి 15 రోజుల జీతం చొప్పున యజమాని ఒక నిధికి కట్టాలనీ, ఆ సొమ్మును 45 రోజులలో కార్మికుడి ఖాతాకు జమ చేయాలనీ కొత్త కోడ్ చెబుతున్నది. నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి ఏడాది పనిచేస్తే చాలు, గ్రాట్యుటీ వస్తుంది.

వీటిలో ఒక్కటీ అప్రెంటిస్‌కు లేదు. కొత్త కోడ్ 'వర్కర్' అంటే ఎవరో చెప్పే చోటనే అప్రెంటిస్‌ను పక్కకు తీసి పెట్టింది. కనుక అతనిని ఎవరూ 'తొలగించరు'. అతని గడువు తీరిపోతుంది, అంతే. గేటు పాస్ తిరిగి తీసుకుంటారు, ఇతను బస్సెక్కి ఊరికి వస్తాడు. ఆ ఊళ్లో మరొకడు పెట్టె సర్దుకుంటూ వుంటాడు.

కంపెనీ కోణం నుంచి చూస్తే ఇందులో ఎంత వెసులుబాటు వున్నదో గ్రహించవచ్చు. ఆర్డర్లు పెరిగితే అప్రెంటిస్‌లను ఎక్కువగా చేర్చుకోవచ్చు. తగ్గితే తరువాతి జట్టును పిలవకుండా వుంటే సరిపోతుంది. నోటీసు లేదు, పరిహారం లేదు, అధికారుల విచారణ లేదు, పత్రికల్లో వార్త కూడా లేదు. నూరుమంది పర్మనెంటు కార్మికులను తీసివేస్తే గేటు ముందు ఎర్రజెండా లేస్తుంది. నూరుమంది అప్రెంటిస్‌ల గడువు తీరితే సంతాపసభ కూడా జరగదు.

చెన్నై దారిలో జరిగిన రెండు మూతలు

శ్రీపెరుంబుదూరులో నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ 2006లో ఉత్పత్తి ప్రారంభించింది. వేలాదిమంది యువతీయువకులు అందులో పనిచేశారు. 2014 ఏప్రిల్‌లో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అప్పగించినప్పుడు, పన్నుల వివాదం కారణంగా ఈ ఫ్యాక్టరీ మాత్రం ఆ బేరంలో చేరలేదు. ఆర్డర్లు ఆగిపోయాయి. 2014 నవంబరు 1న ఫ్యాక్టరీ మూతపడింది. ఆ లోపలే స్వచ్ఛంద విరమణ పథకం పెట్టి పర్మనెంటు కార్మికులకు సొమ్ము ఇచ్చి పంపించారు. ఇచ్చినది చాలదని వారు ఆందోళన చేశారు. చేయగలిగారు కూడా, ఎందుకంటే వారికి సంఘం వుంది, హక్కు వుంది.

మరైమలై నగర్‌లోని ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ కథ కూడా ఇంచుమించు ఇదే. భారతదేశంలో కార్ల తయారీ ఆపివేస్తున్నట్లు ఆ కంపెనీ 2021 సెప్టెంబరు 9న ప్రకటించింది. 2022లో చెన్నై ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిపోయింది. పర్మనెంటు కార్మికులు నెలల తరబడి పరిహారం గురించి బేరమాడారు, సమ్మె చేశారు. ఏ ఫ్యాక్టరీ మూతపడినా మూసివేత పరిహారం పర్మనెంటు రోలు మీద వున్నవారి లెక్క. శిక్షణలో వున్న కుర్రవాడు ఆ బల్ల దగ్గర కూర్చోడు. ఫ్యాక్టరీకి సరుకు తయారుచేసి ఇచ్చే చిన్న కంపెనీలలో పనిచేసేవాడైతే ఇంకా దూరం.

ఇది ఇనుము, నూనె మరకల పనికే పరిమితం అనుకుంటే పొరపాటు. 2025 ఫిబ్రవరిలో మైసూరు ఆవరణలో శిక్షణ పొందుతున్న 300 మందికి పైగా కొత్తవారిని ఇన్ఫోసిస్ ఇంటికి పంపింది. పెట్టిన పరీక్షలో మూడుసార్లూ వారు ఉత్తీర్ణులు కాలేదని కంపెనీ కారణం చెప్పింది. వారిలో చాలామంది 2022లో ఆఫర్ లెటరు చేతికి వచ్చి, రెండేళ్లకు పైగా ఎదురుచూసి చేరినవారు. గొడవ కేంద్ర కార్మిక శాఖ దాకా వెళ్లింది. కర్ణాటక అధికారులు విచారించి, వీరు అప్రెంటిస్ ట్రైనీలే కనుక తొలగింపు చట్టం వర్తించదని అన్నట్లు పత్రికలు రాశాయి. లక్షలు పోసి బి.టెక్. చదివించిన తండ్రికీ, ఐ.టి.ఐ. చదివించిన తండ్రికీ ఈ విషయంలో తేడా లేకుండా పోయింది.

లెక్క వేసి చూద్దాం

30 మంది, ఆ పైన మనుషులున్న ప్రతి సంస్థ అప్రెంటిస్‌లను తీసుకొని తీరాలి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం మొత్తం సిబ్బందిలో నూటికి రెండున్నర నుంచి 15 వరకు తీసుకోవచ్చు. కాంట్రాక్టు కార్మికులను కూడా ఈ సిబ్బంది లెక్కలో కలుపుతారు. అంటే వెయ్యిమంది పనిచేసే ఫ్యాక్టరీ కనీసం 25 మందిని తీసుకోవాలి, 150 మంది వరకు తీసుకోవచ్చు. కనీసానికీ గరిష్ఠానికీ మధ్య ఆరు రెట్ల తేడా వుంది. ఆర్డర్లను బట్టి ఎక్కుతూ దిగుతూ వుండడానికి ఈ మెట్లు చాలు.

2016 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద, ఇచ్చే స్టైపెండులో నాలుగో వంతును కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. అయితే నెలకు 1500 రూపాయలకు మించదు. ఐ.టి.ఐ. సర్టిఫికెట్ వున్నవాడికి 2019 నిబంధనలు నిర్ణయించిన కనీస స్టైపెండు 7000 రూపాయలు. అందులో 1500 పోతే కంపెనీ చేతి నుంచి పడేది 5500. పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు.

ఈ 7000 సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 2014లో నిబంధనలు సవరించినప్పుడు స్టైపెండును కనీస వేతనానికి ముడిపెట్టారు. కొద్దిపాటి నైపుణ్యం వున్న కార్మికుడికి రాష్ట్రం ప్రకటించిన కనీస వేతనంలో మొదటి ఏడాది నూటికి 70, రెండో ఏడాది 80, మూడో ఏడాది 90 వంతుల చొప్పున ఇవ్వాలన్నారు. కనీస వేతనం పెరిగితే దీనితోపాటు అదీ పెరిగేది. 2019లో ఆ ముడి విప్పేశారు. చదువును బట్టి 5000 నుంచి 9000 రూపాయల వరకు అంకెలు రాసిపెట్టారు: పదో తరగతికి 6000, డిప్లొమాకు 8000, డిగ్రీకి 9000. రెండో ఏడాది పది శాతం, మూడో ఏడాది పదిహేను శాతం పెంపు అన్నారు. బియ్యం, నూనె, ఇంటి అద్దె ఎక్కడికక్కడ పెరుగుతూ పోయినా ఈ అంకెలు అలాగే నిలిచిపోయాయి. చివరికి 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ స్టైపెండును 36 శాతం పెంచి 6800 నుంచి 12,300 రూపాయల దాకా చేయాలని సిఫార్సు చేసింది. ఆరేళ్లలో ధరలు ఎంత పెరిగాయో సంతకు వెళ్లే ఇల్లాలిని అడిగితే చెబుతుంది. చేరేవారు తమ ఒప్పందంలో ఎంత రాశారో చూసుకోవాలి. అది కనీసానికి తగ్గకూడదు, ఎక్కువ ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదు.

అప్రెంటిస్‌లను తీసుకోవడమే తప్పని మా ఉద్దేశం కాదు. పనిముట్టు పట్టనివాడికి పనిముట్టు పట్టించడం మంచిదే. ఐ.టి.ఐ.లో పాత లేతు మిషను మీద నేర్చుకున్నవాడు కంపెనీలో కంప్యూటరు నడిపే మిషను ముందు నిలబడి ఏడాదిలో నేర్చుకునేది తక్కువేమీ కాదు. చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, అదే మిషను దగ్గర ఈ ఏడాది ఒకడు, వచ్చే ఏడాది ఇంకొకడు, ఆ పై ఏడాది మరొకడు నిలబడుతూ పోయినప్పుడు. అక్కడ పని శాశ్వతం, మనిషి మాత్రం తాత్కాలికం. అలాంటి చోట శిక్షణ అనే పేరు ఎవరి మేలు కోసమన్నది అడగవలసిన ప్రశ్న.

జర్మనీలో కూడా అప్రెంటిస్ పద్ధతి పెద్దయెత్తున వుంది. అక్కడ శిక్షణ రెండు నుంచి మూడున్నర ఏళ్లు. వారంలో కొన్ని రోజులు ఫ్యాక్టరీలో, కొన్ని రోజులు బడిలో. పరీక్ష కంపెనీ పెట్టదు, వాణిజ్య మండలి పెడుతుంది. శిక్షణ ముగించినవారిలో దాదాపు నలుగురిలో ముగ్గురిని అదే కంపెనీ వుంచుకుంటుంది. ఆ లెక్క ప్రతి ఏడూ బయటికి వస్తుంది. మన దగ్గర ఎంతమందిని చేర్చుకున్నారన్నది మంత్రుల ప్రసంగాలలో వస్తుంది. ఎంతమందిని నిలుపుకున్నారన్న లెక్కకు ఆ వెలుగు లేదు. ఒప్పందాలన్నీ ప్రభుత్వ పోర్టల్‌లోనే నమోదవుతున్నప్పుడు, కంపెనీవారీగా ఈ రెండో అంకెను కూడా జిల్లాలో ప్రకటించడం పెద్ద పని కాదు. కలెక్టరేట్‌లో జరిగే నైపుణ్య సమీక్షల్లో ప్రజాప్రతినిధులు మొదట అడగవలసింది ఇదే.

రైల్వే, ఆర్.టి.సి.

ఈ ప్రాంతంలో తరతరాలుగా అప్రెంటిస్ అంటే రైల్వేయే గుర్తుకు వస్తుంది. అరక్కోణం వర్క్‌షాపు, పెరంబూరు, ఇటు తిరుపతి బోగీల మరమ్మతు కర్మాగారం మనకు దగ్గరివి. వెనుక, శిక్షణ ముగించినవారిని కింది స్థాయి పోస్టులలోకి తీసుకునే అధికారం జోన్ జనరల్ మేనేజర్లకు వుండేది. ఆ దారి మూసుకుపోయి, లెవెల్-1 పోస్టులలో 20 శాతం రైల్వేలో శిక్షణ పొందినవారికి కేటాయించే పద్ధతి వచ్చింది. పరీక్ష మాత్రం రాయాలి. ఇది చాలదంటూ 2018 మార్చి 20న ముంబయిలో దాదర్, మాటుంగా మధ్య అప్రెంటిస్‌లు పట్టాల మీద కూర్చుని లోకల్ రైళ్లు ఆపివేసిన ఉదంతం పాఠకులకు గుర్తుండే వుంటుంది. 2019లో రైల్వే 1,03,769 లెవెల్-1 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. పరీక్ష మొదలైనది 2022 ఆగస్టులో. శిక్షణ ముగిసిన కుర్రవాడు ఆ మూడేళ్లూ ఏం తిని బతకాలన్నది ఆ ప్రకటనలో వుండదు.

అయినా రైల్వే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2024 డిసెంబరులో దక్షిణ మధ్య రైల్వే ఒక్కటే 4232 మంది అప్రెంటిస్‌ల కోసం ప్రకటన ఇచ్చింది. రాతపరీక్ష లేదు, పదో తరగతి, ఐ.టి.ఐ. మార్కులే ఆధారం. ఇక్కడ పుత్తూరువారు గమనించవలసిన విషయం ఒకటుంది. రేణిగుంట దక్షిణ మధ్య రైల్వే కింద వుంటూ వచ్చింది. మన పుత్తూరు స్టేషను మాత్రం దక్షిణ రైల్వే చెన్నై డివిజను కిందిది. దక్షిణ రైల్వే గతంలో ఇచ్చిన అప్రెంటిస్ నోటిఫికేషన్లలో ఆంధ్రప్రదేశ్ నుంచి నెల్లూరు, చిత్తూరు జిల్లాల వారికి మాత్రమే అర్హత అని రాశారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి పుత్తూరు తిరుపతి జిల్లాలో చేరింది. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు జిల్లా పేరు ఏమని వున్నదో చదివి, నివాస ధ్రువపత్రం సరిచూసుకున్న తరువాతే ఫీజు కట్టాలి. జిల్లా మారినందుకు ఈ ప్రాంతం వారి అవకాశం జారిపోకుండా చూడవలసిన బాధ్యత పార్లమెంటు సభ్యులది.

ఇక ఆర్.టి.సి. మన డిపోలో బస్సుల కింద దూరి పనిచేసే ఐ.టి.ఐ. కుర్రవాళ్లను ప్రయాణికులు చూస్తూనే వుంటారు. వీరికి పనికివచ్చే సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వుంది. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో శిక్షణ పొందిన అప్రెంటిస్‌లు వేసిన కేసులో 1995 జనవరిలో వెలువడిన ఆ తీర్పు ఏం చెప్పిందంటే: ఉద్యోగాల భర్తీ జరిగినప్పుడు ఇతర అర్హతలు సమానంగా వుంటే బయటివారి కంటే శిక్షణ పొందినవారికి ముందు అవకాశం ఇవ్వాలి. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి నుంచి పేరు రావాలని పట్టుబట్టకూడదు. వయోపరిమితిలో నిబంధనల మేరకు సడలింపు చూడాలి. శిక్షణ పొందినవారి జాబితాను ఏడాదివారీగా వుంచి, ముందు శిక్షణ పొందినవారిని ముందు లెక్కించాలి. తీర్పు బాగున్నది. కానీ భర్తీ జరిగితేనే కదా ముందు వెనుకలు! ప్రభుత్వ సంస్థలలో భర్తీ ఏళ్ల తరబడి ఆగిపోయినప్పుడు ఈ తీర్పు బీరువాలోని పట్టుచీర వంటిదే. అందుకే సర్టిఫికెట్ జాగ్రత్తగా పెట్టుకోవాలి, భర్తీ కోసం అడుగుతూనే వుండాలి.

చేరేముందు చూసుకోవలసినవి

అప్రెంటిస్ పేరుతో జరిగేదంతా అప్రెంటిస్‌షిప్ కాదు. 2013లో ఎ.ఐ.సి.టి.ఇ. 'నీమ్' అనే పథకం తెచ్చింది. ఏజెన్సీలు కుర్రవాళ్లను చేర్చి కంపెనీలకు పంపేవి. తరువాత దానిని రద్దు చేశారు. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వేరు; మొదలైనప్పుడు అందులో పన్నెండు నెలలు, నెలకు 5000 రూపాయలు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి 'ట్రైనింగు' అని పిలవడం వల్ల ఊళ్లలో గందరగోళం ఏర్పడుతున్నది. చట్టం కింద అప్రెంటిస్ అయితే ఒప్పందం రాతపూర్వకంగా వుండి, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. ఏ ట్రేడులో, ఎన్ని నెలలు, ఎంత స్టైపెండు అన్నది అందులో వుండాలి. నమోదు నంబరు చూపించలేని చోట చేరిన కుర్రవాడు అప్రెంటిస్ కాడు, కార్మికుడూ కాడు, అడకత్తెరలో పోకచెక్క. జీతం చీటీలో పి.ఎఫ్. కోత కనిపిస్తే అతనిని అప్రెంటిస్‌గా చూడడం లేదన్నమాట; అప్పుడు కనీస వేతనం అడిగే హక్కు వుంటుంది.

అప్రెంటిస్ చేత ఓవర్‌టైము చేయించకూడదు. చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి కావాలి. శిక్షణలో వుండగా ప్రమాదం జరిగితే కార్మికుడికి ఇచ్చినట్లే నష్టపరిహారం ఇవ్వాలని 16వ సెక్షను చెబుతున్నది. వేలు నలిగినా, చెయ్యి విరిగినా కంపెనీ రిజిస్టరులో రాయించకుండా ఊరికి వచ్చేసి, పుత్తూరు కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చుంటే ఎముక అతుక్కుంటుందేమో కానీ పరిహారం రాదు.

2014లో చట్టానికి చేసిన సవరణలో, శిక్షణ పూర్తిచేసినవారిని ఉద్యోగంలోకి తీసుకునే విషయంలో ప్రతి యజమాని తనదైన విధానం ఒకటి రూపొందించుకోవాలని వున్నది. విధానం ఇలాగే వుండాలని చట్టం చెప్పకపోయినా, విధానం అంటూ ఒకటి వుండాలన్నది మాత్రం స్పష్టం. క్యాంపస్‌కు వచ్చిన కంపెనీ ప్రతినిధిని, ఐ.టి.ఐ.లో మేళా పెట్టినవారిని ఈ కాగితం చూపించమని అడగవచ్చు. పోయిన జట్టులో ఎందరిని తీసుకున్నారని కూడా అడగవచ్చు. కుర్రవాడు అడగడానికి జంకితే ప్రిన్సిపాలు అడగాలి. నియామకాల సంఖ్యను ఫ్లెక్సీ మీద వేసుకునే కాలేజీలకు ఇది మరీ అవసరం. ఏడాదితో ముగిసే అప్రెంటిస్ సీటును, పర్మనెంటు ఉద్యోగాన్ని ఒకే వరుసలో కలిపి చూపడం తల్లిదండ్రులను మభ్యపెట్టడమే అవుతుంది.

శిక్షణ ముగిశాక పరీక్ష రాసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తీసుకోకుండా వచ్చేవారు వున్నారు. ఇంకో కంపెనీలో పని దొరికిందనో, నాలుగు నెలల ముందే విసుగెత్తిందనో మధ్యలో వదిలేస్తారు. రైల్వే శిక్షణ పొందినవాడికి ఆ సర్టిఫికెట్ లేకపోతే 20 శాతం కోటా లేదు. ఏడాది కష్టపడ్డది చేతికి రాకుండా పోతుంది.

కంపెనీ ఒప్పందం ప్రకారం నడుచుకోకపోతే, గడువుకు ముందే అకారణంగా పంపివేస్తే, స్టైపెండు ఎగవేస్తే ఆ తగాదాను అప్రెంటిస్‌షిప్ సలహాదారు ముందు పెట్టవచ్చు. కంపెనీ తప్పు వల్ల ఒప్పందం రద్దయితే పరిహారం ఇవ్వవలసి వుంటుంది. ఐ.టి.ఐ. వారు తిరుపతిలోని ప్రభుత్వ ఐ.టి.ఐ. ప్రిన్సిపాలును కలిసి దరఖాస్తు ఎవరి పేర రాయాలో తెలుసుకోవచ్చు. డిప్లొమా, డిగ్రీ వారికి చెన్నై తారామణిలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి వుంది. సలహాదారు ఇచ్చిన నిర్ణయం నచ్చకపోతే 30 రోజులలోగా అప్రెంటిస్‌షిప్ మండలికి అప్పీలు చేసుకోవాలి. ఒప్పందం నకలు, స్టైపెండు జమ అయిన బ్యాంకు పాసుపుస్తకం పేజీలు, గేటు పాస్ జిరాక్సు దరఖాస్తుకు జతచేయాలి. గేటు పాస్ తిరిగి తీసుకోకముందే జిరాక్సు తీసి పెట్టుకోవడం మంచిది.